వీపు మీద మోసిన మనిషి

దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డునున్న పార్కు గేటు ముందు ఆటో ఆగేసరికి ఉదయం తొమ్మిది కావస్తోంది. సఫూరా నెమ్మదిగా దిగి, చేతిసంచిని గుండెకు హత్తుకుని నిలబడింది. భద్రాచలంలో ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి ఆమె. నది ఇంటికి కూతవేటు దూరమే. అయినా నాలుగేళ్ల కిందటి వరద తర్వాత ఒక్కసారి కూడా ఒడ్డుకు పోలేదు.

కూతురు ఫరహా బోర్డు చదివి చెప్పింది. "అమ్మీ, ఇక్కడ రెండు దారులున్నయి. అడవిలకెళ్లి ఒకటి, ఇసుకల ఒకటి. రెండూ చదునుగనే ఉన్నయంట. నీ కాలుకేం కాదు."

"నడవనీకి రాలేదే నేను. మనిషిని చూడనీకి వచ్చిన" అంది సఫూరా.

ఆ మనిషి సంగతి చెప్పింది నాగక్క. జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చి, మాటల మధ్యలో ఈ పార్కుకు వెళ్లొచ్చిన ముచ్చట తీసింది. "దారి చూపెట్టేటాయన పేరు రెడ్యా. మన గల్లీలు మునిగినప్పుడు జనాన్ని వీపు మీద మోసిండంట. ఎడమ చెవు సగం తెగి ఉంటది పాపం" అంది. సఫూరా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ తెగిన చెవి ఆమె మరిచిపోయేది కాదు.

వరద వచ్చిన రోజు మధ్యాహ్నం నీళ్లు గల్లీలోకి వచ్చి, చూస్తుండగానే మంచం కోళ్లు మునిగాయి. సఫూరాకు తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు. అడుగు తీసి అడుగు వేయలేదు. ఫరహా అప్పుడు హైదరాబాదులో చదువుకుంటోంది. ఎవరో ఒకతను రొమ్ములోతు నీళ్లలో నడిచి వచ్చి, "ఎక్కక్కా" అని వీపు తిప్పి వంగాడు. ఆమె ఎక్కింది. నాలుగడుగులు పోయాక కుట్టుమిషన్ గుర్తొచ్చింది. వెనక్కి పొమ్మంది. అతను వినలేదు. మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, చివరికి పిడికిలితో వీపు మీద గుద్దింది. అతను గల్లీ చివర ట్రాక్టర్ మీద ఆమెను కూర్చోబెట్టి, మళ్లీ నీళ్లలోకి దిగిపోయాడు. దారి పొడుగునా ఆమెకు కనిపించింది ఆ చెవి ఒక్కటే.

వారం తర్వాత మిషన్ బురదలోనే దొరికింది. కడిగి, నూనె పోస్తే నడిచింది కూడా. కానీ ఆ మనిషి దొరకలేదు. ప్రాణం కాపాడినవాణ్ని తిట్టి పంపానన్న బాధ మాత్రం ఆమెను వదల్లేదు.

గేటు లోపల వెదురు గుడిసెలోంచి ఖాకీ చొక్కా మనిషి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఎడమ చెవి సగమే ఉంది. సఫూరా ఆ చెవి వైపే చూస్తూ నిలబడిపోయింది. ఫరహాయే అడిగింది. "అన్నా, వరదప్పుడు మా అమ్మను మోసింది నువ్వేనంట. యాదికుందా?"

రెడ్యా సఫూరా ముఖం వంక చూసి, తల గోక్కున్నాడు. "మూడు రోజులు మస్తు మందిని మోసినం చెల్లె. అందరూ వీపు మీదనే ఉంటిరి. మొఖాలు నేనేడ చూసిన?"

సఫూరా తల దించుకుంది. "మిషన్ తెమ్మని గుద్దిన చూడు, గామె నేనే భయ్యా."

రెడ్యా ఒక్క క్షణం నోరు తెరిచి, పెద్దగా నవ్వాడు. "ఓయమ్మో, గామె నువ్వేనా! మా ఇంటామె పూలి పది రోజులు నా వీపుకు నూనె రాసింది. ఎవలో పయిల్వాన్‌ను మోసినట్టున్నవని నవ్వింది."

ఫరహా కూడా నవ్వేసింది. సఫూరాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మాఫ్ చెయ్యి భయ్యా. ఇన్నేండ్లు నీకు షుక్రియా సుత చెప్పలేకపోయిన" అంటూ సంచిలోంచి లేతనీలం చొక్కా తీసింది. రెడ్యా వేలితో మెడపట్టీ తడిమి చూసి, ఖాకీ మీదనే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర సరిగ్గా కుదిరింది.

"కొలత తీస్కోకుండ గిట్లెట్ల కుట్టినవక్కా?"

"అంతదూరం నీ భుజాలు పట్టుకొనే కదా వచ్చిన" అంది సఫూరా.

రెడ్యా వాళ్లను అడవి దారిలోకి తీసుకెళ్లాడు. తునికి చెట్ల మధ్య మెత్తటి మట్టిబాట. ఎగుడూ లేదు, దిగుడూ లేదు. మోదుగులు పూసి, రాలిన పూలు బాట మీద ఎర్రగా పరుచుకున్నాయి. యాభై అడుగులకోసారి ఆమె ఆగితే, అతను ఆకు తుంచి వాసన చూపించేవాడు, పిట్ట అరుపు వినమనేవాడు. అలా కాలు నొప్పి సంగతి మరిచే అర కిలోమీటరు నడిచింది.

చెట్లు అయిపోయిన చోట తెల్లటి ఇసుక, దాని అవతల గోదావరి. సఫూరా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "నాతోని కాదు" అని వెనక్కి తిరగబోయింది.

రెడ్యా రమ్మనలేదు. అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. "నాకు గూడ గట్లనే ఉండె అక్కా. వరద పోయినంక రెండు నెలలు ఒడ్డుకు రాలే. నేను చేరేలోపే నీళ్లల్ల కొట్టుకపోయినోళ్లు యాదికొస్తుండిరి. గందుకే ఈడ డ్యూటీ అడుక్కున్న. రోజూ చూస్తే మెల్లమెల్లగ భయం పోయింది. నువ్వు ఈ రోజే పోవాల్నని ఏం లేదు. కూసో."

ఆమె కూర్చుంది. అతనికీ భయమేనా? తనను మోసినప్పుడు ఆ మనిషి వణికిన గుర్తు కూడా లేదు. నది సన్నగా, తేటగా, అడుగున ఇసుక కనిపిస్తూ పారుతోంది. ఆ రోజు ఇంట్లోకి వచ్చిన నీళ్లకూ వీటికీ పోలికే లేదు.

కాసేపటికి సఫూరా చెప్పులు విడిచింది. ఫరహా చేయి పట్టబోతే వద్దంది. వెచ్చటి ఇసుకలో పాదాలు దిగబడుతుంటే తనంతట తానే నడిచి, చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. చల్లగా తగిలాయి. రెండు చేతులూ ఎత్తి అల్లాకు కృతజ్ఞత చెప్పుకుంది. ఆ దువాలో రెడ్యా పేరు, చూడని పూలి పేరు, వాళ్ల పిల్లల క్షేమం అన్నీ ఉన్నాయి.

ఒడ్డు నుంచి ఫరహా కేకేసింది. "అమ్మీ, ఆటోఆయన ఫోన్ చేస్తుండు. పోదామా?"

"ఆగమను" అంది సఫూరా, ఇసుక దారి చివర కనిపిస్తున్న రాతిబండ వైపు చూస్తూ. "భయ్యా, గా బండ దాకా పోయి వచ్చేటందుకు ఎంతసేపు పడ్తది?"

"నీ నడకకు పావుగంట."

"పోదాం పా" అని ఆమె ముందు నడిచింది.