ఏడో ముడి

ఆ ఉదయం ఆకాశం కాస్త తుంపర పెట్టి ఆగింది. మళ్లీ కురిసేదీ లేనిదీ తేల్చకుండా నల్లగా కూర్చుంది. తాటిచెట్లు మొదలంటా నానిపోయి ఉన్నాయి.

నేను ఒక మోకును. కల్లు గీసేవాడు చెట్టెక్కేటప్పుడు అతని నడుమునూ చెట్టునూ కలిపి పట్టుకునే తాడును. నన్ను కట్టుకుని ఎక్కే ఐలయ్యే తాటిమట్టల నార నానబెట్టి, దంచి, నాలుగు రోజులు పేని నన్ను చేశాడు. ఏటా అరిగిన పోగులు తీసి కొత్తవి కలుపుతాడు. అలా ఎనిమిదేళ్లుగా బతుకుతున్నాను. ఎక్కేముందు ముడి వేసి, వెనక్కి వాలి మూడుసార్లు లాగి చూస్తాడు. మనుషులు తాడును రోజూ లాగి చూస్తారు గానీ తమను తాము లాగి చూసుకోరు.

కొడుకు శ్రీశైలం పని నేర్చుకున్నదీ నాతోనే. మొదటిరోజు వాడి ముడి వదులుగా వచ్చింది. ఐలయ్య తిట్టలేదు. చెట్టు కింద కూర్చోబెట్టి, "పదిసార్లు కట్టు. పదీ నిలిస్తేనే చెట్టు ముట్టు" అన్నాడు. పదకొండు రోజులు వాడు నేల మీదే ఉన్నాడు.

ఇప్పుడు ఐలయ్యకు అరవై దాటాయి. వేళ్లు వణకడం మొదలై నాలుగు నెలలైంది. ఆ సంగతి ముందుగా తెలిసింది నాకే. చెప్పడానికి నోరేది? ఆ ఉదయం అతను ముడి వేశాడు గానీ లాగి చూడలేదు. లాగితే ఏం తేలుతుందో అతనికి తెలుసు. చెట్టుకు కాలు ఆనించాడు.

శ్రీశైలం వచ్చి ముడి మీద చెయ్యి పెట్టాడు. వేలు దూరేంత సందుంది.

"దిగు బాపు."

"ఇంకా ఎక్కనే లేదు, దిగుడేందిరా?"

"కూసో. పదిసార్లు కట్టు. పదీ నిలిస్తే నువ్వే ఎక్కు, నేను నోరు మెదప."

"నాకే పరీచ్చ పెడ్తున్నవా? నీకు లాగు తొడిగింది నేనురా!"

"ముడి నేర్పింది సుత నువ్వే. గిట్లనే నేర్పినవు. కూసో."

ఐలయ్య కూర్చున్నాడు. కోపం మీద కట్టిన ఐదు ముళ్లూ బిగిశాయి. ఆరోదీ బిగిసింది. "చూసినవా?" అన్నాడు.

"ఇంక నాలుగు."

ఏడోదానికి వేళ్లు నా కొసను పట్టలేకపోయాయి. శ్రీశైలం లాగగానే జారిపోయాను. జారకూడదనే నాకూ ఉంది. కానీ చెట్టు మీద జారేకంటే అతని ఒళ్లో జారడమే మేలనిపించింది.

ఐలయ్య ఎనిమిదో ముడి కట్టలేదు. లేచి నన్ను కొడుకు నడుముకు చుట్టాడు. ముడి శ్రీశైలమే వేసుకున్నాడు. వేసుకుని కూడా కదల్లేదు.

"లాగి చూడు బాపు. నువ్వు చూడందే ఎక్క."

ఐలయ్య మూడుసార్లు లాగాడు. "గట్టిగనే ఉంది. మెల్లగ పో, చెట్టు తడి ఉంది. పైన ఎడమదిక్కు మట్ట పుచ్చింది, దాన్ని పట్టకు."

శ్రీశైలం దిగివచ్చాక సద్దిమూట విప్పారు. జొన్నరొట్టె, ఉల్లికారం. ఎప్పుడూ తండ్రే తుంచి పెట్టేవాడు. ఆ రోజు శ్రీశైలం తుంచాడు. నన్ను ఇద్దరి మధ్యా పడేశారు. తింటూనే ఐలయ్య ఎడమచెయ్యి నా ఒళ్లంతా తడిమి, అరిగిన పోగు ఒకటి పట్టుకుంది. దాన్ని పైకెత్తి కొడుక్కి చూపించాడు. శ్రీశైలం తలూపి, ఇంకో ముక్క తుంచి తండ్రి ముందు పెట్టాడు.