సెలవు అర్జీ మీద పొడుగాటి మాట

ఆసుపత్రి లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిణ్ణి డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ లాండ్రీ అక్క అనే పిలుస్తారు. ఆమె చెల్లెలికి కవలలు పుట్టారు. ఇద్దర్నీ ఒక్కతే సంభాళించలేకపోతున్నానని చెల్లెలు ఫోన్లో ఏడ్చేసరికి, అక్క పదిరోజుల సెలవుకి అర్జీ పెట్టింది.

మర్నాడు అర్జీ తిరిగొచ్చింది. కింద ఆఫీసరు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాశాడు. అక్క అక్షరాలు కూడబలుక్కుని చదివింది: ఇండిస్పెన్సబుల్. అందులో డిస్పెన్సరీ వినబడింది. కొంపదీసి తనని మందుల గదికి మార్చేశారా? సాయంత్రం దాకా దుప్పట్లు మడతపెట్టింది గానీ, ధ్యాసంతా ఆ కాగితం మీదే.

ఇంటికెళ్లగానే దాన్ని కూతురి చేతిలో పెట్టి తన అనుమానం చెప్పింది. కూతురు పకపకా నవ్వింది.

"మందూ లేదు, మాకూ లేదు. నువ్వు లేకపోతే అక్కడ పని జరగదని రాశారమ్మా."

అక్క మొహం చేటంతయింది. భర్తకి అన్నం వడ్డిస్తూ, "ఇకనుంచి నాతో కాస్త మర్యాదగా మాట్లాడండి. నేను ఇండిస్పెన్సబుల్" అంది.

"బాగుంది. ఇంతకీ సెలవిచ్చినట్టా, ఇవ్వనట్టా?" అన్నాడాయన.

అక్క చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఇవ్వనట్టే" అంది కూతురు మెల్లగా.

ఇంత తియ్యటి మాటతో కూడా కాదనొచ్చని అక్కకి అప్పటిదాకా తెలీదు.

నిజానికి తప్పు తనదీ ఉంది. తన కింద పనిచేసే అమ్మాయిని ఏనాడూ పెద్ద మిషన్ జోలికి రానివ్వలేదు. మర్నాడు ఆ పిల్లని పిలిచి మిషన్ ముందు నిలబెట్టింది. ఎంత సబ్బు వెయ్యాలో, నీళ్లు ఎంత వేడిగా ఉండాలో, ఆపరేషన్ గది గుడ్డలు విడిగా ఎందుకు ఉతకాలో ఓపిగ్గా నేర్పింది. మూడోరోజు నర్సుల తెల్ల యూనిఫాంలు లేతనీలంగా బయటికొచ్చాయి.

"అక్కా, నావల్ల కాదు!"

"ఎందుక్కాదూ? నేను మొదట్లో అన్నీ గులాబీ రంగు చేశాను. పట్టు, మళ్లీ వేద్దాం."

రెండువారాలకి ఆ అమ్మాయి ఒక పూటంతా ఒంటిచేత్తో నడిపేసింది. అక్క కాసేపు స్టూలు మీద ఊరికే కూర్చుంది. గర్వంగానూ ఉంది, కాస్త చివుక్కుమనీ అనిపించింది. ఆ తర్వాత లేచి తిన్నగా ఆఫీసరు గదికి వెళ్లింది.

"సార్, నేనిప్పుడు ఇండిస్పెన్సబుల్ కాదండీ. కావాలంటే వచ్చి చూడండి."

ఆయన వచ్చి, చూసి, నవ్వాపుకోలేక అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే అక్క చెల్లెలింటికి వెళ్లేసరికి, చెల్లెలు గుమ్మంలోనే ఇద్దరు పిల్లల్నీ ఆమె చేతుల్లో పెట్టి, "ఒక్క కునుకు తీసొస్తానక్కా" అని మంచమెక్కింది. మళ్లీ మధ్యాహ్నం మూడింటిదాకా లేవలేదు.