ముందే అనుకున్న ఖండన

వంటగట్టు మీద ఎంగిలి గ్లాసులు మళ్ళీ పేరుకున్నాయి. పాపని చంకనేసుకుని ఒంటిచేత్తో వాటిని కడుగుతూ, ముందుగదిలో మాటలు వినపడకుండా ఆమె కుళాయి ఇంకాస్త తిప్పింది. ఎన్నికలు దగ్గరపడ్డప్పటి నుంచీ ఆ గుంపు మకాం ఈ ఇంట్లోనే. "పార్టీ ఆఫీసు మెట్లెక్కితే పేపర్లో పడుతుంది. మనింటికొస్తే చుట్టాలనుకుంటారు" అన్నాడు వార్డులో పార్టీ పనులు చూసే భర్త. పైకి చెప్పని పొత్తులో వాళ్ళది తోకంత భాగమే. కానీ ఆ తోక తెచ్చే ఓట్లు లేకపోతే గెలుపు లేదట. 'బయటివాళ్ళు మా వీధుల్లో ఉండొద్దు' అని గోడల మీద రాసేది వాళ్ళే. టీవీలో పార్టీ పెద్దాయన మాత్రం వాళ్ళెవరో తనకి తెలియనే తెలియదంటాడు. ఆ తెలియనివాళ్ళకి పొద్దస్తమానం టీలు పోసేది తను.

ఇదేంటని భర్తనడిగితే, "పదో తరగతి గట్టెక్కని దానివి, పొత్తుల సంగతి నీకెందుకే?" అని నవ్వాడు. పెళ్ళి కుదిరిందని బడి మాన్పించింది ఎవరో ఆయనకి తెలియదా! "మగాళ్ళు మాట్లాడుకునేచోట నీ చెవులు పెట్టకు" అంది అత్తగారు. పెట్టకుండానే ఉంది. అయినా భయం కొంగు పట్టుకుని ఇల్లంతా వెంట తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నం టీ అందుకుంటూ, గుంపులో అందరూ నవ్వులోడు అని పిలిచే మనిషి పాప బుగ్గ గిల్లాడు.

"అక్కా, ఎదురింటి నర్సు డ్యూటీ నుంచి ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రానికి వచ్చేస్తుందన్నా. ఒక్కతే కదా..."

అడిగినదానికల్లా జవాబు చెప్పడం అలవాటైన నోరు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నాక గానీ తనేం చెప్పిందో తెలిసిరాలేదు. నర్సు ఈ వీధికి బయటి మనిషి. నొప్పులొచ్చిన రోజు భర్త సభలో ఉంటే, ఆటోలో తన తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి చేర్చింది ఆవిడే. నిన్న కూడా గేటు దగ్గర "ఏంటమ్మాయ్, మీ ఆయన టీ కొట్టు గానీ పెట్టాడా?" అని ఆటపట్టించింది.

గుంపు వెళ్ళాక భర్తనడిగింది. "ఆవిణ్ణి ఏం చేస్తారండీ?"

"కాస్త బెదిరిస్తారంతే."

"మీరు వద్దంటే ఆగరా?"

"వద్దంటే రేపు ఓట్లు మీ నాన్న వేయిస్తాడా?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "ఒకవేళ చెయ్యి దాటినా పార్టీకి మచ్చ రాదులే. పెద్దాయన ఖండిస్తాడు. ఏమని ఖండించాలో కూడా పొద్దున్నే అనుకున్నాం."

ఆయన బండి సందు దాటింది. ఆమె గుమ్మంలోంచి ఎదురింటి తాళం కేసి చూసింది. ఆవిడ ఒంటిమీద ఇంకా దెబ్బ పడలేదు, జాలి మాటలు మాత్రం అప్పుడే తయారు!

నర్సు తాళం తీస్తుండగానే పాపతో వెళ్ళి, తను నోరు జారిన సంగతితో సహా అంతా చెప్పేసింది. ఆవిడ మొహం పాలిపోయింది. పోలీసులకి ఫోన్ చేసింది. చూస్తామన్నారట.

"నా ఇల్లు వదిలి ఎక్కడికి పోతానమ్మాయ్? నువ్వెళ్ళు, పసిపిల్లతో ఇక్కడుండకు."

ఆమె వెళ్ళలేదు. వీధికి కనపడేలా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని భర్తకి ఫోన్ చేసింది.

"ఏమే, వంటయిందా?"

"నేను ఎదురింట్లో ఉన్నానండీ. పాప కూడా. ఇక్కడే ఉంటాం."

"పిచ్చి పట్టిందా? వాళ్ళు బయల్దేరారే! ముందు బయటికి రా!"

పాప నిద్రలో ఆమె వేలు పట్టుకుంది.

"పెద్దాయనకి చెప్పండి. ఖండించేటప్పుడు మా ఇద్దరి పేర్లు కూడా కలుపుకోమనండి."