నట్టు మీద పసుపు గీత

కారు కొన్న రోజునే అక్క ఫోన్లో తలంటింది.

"కొంటే టాప్ మోడల్ కొనాలి, లేదంటే బస్సెక్కాలి. కింది రకం కొని దానికి ముక్కలు అతికిస్తాననడం ఏంట్రా? నీకేం పిల్లా జెల్లా ఉన్నారా, ఎవరి కోసం దాస్తున్నావు?"

"ఇంజను రెండింటికీ ఒకటే అక్కా. స్ప్రింగులు, బ్రేకులు, సీట్లు నాకు నచ్చినవి ఒక్కొక్కటే వేయించుకుంటా. పని పూర్తయ్యాక చూడు, వాళ్ళ టాప్ మోడల్ దీని ముందు దిగదుడుపే."

"చూస్తాలే" అంది అక్క. ఆ గొంతులో నమ్మకం ఆవగింజంత కూడా లేదు.

అక్కే నెగ్గిందని ముందే చెప్పేస్తే పోతుంది. మూడేళ్ళు తిరిగేసరికి ఆ రెండు తలుపుల ఎర్రకారు మీద తమ్ముడు పోసిందంతా కలిపితే టాప్ మోడల్ ధర ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి తెలిసినా అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. పిచ్చివాడనుకోకండి. పిచ్చి కాదు, కారణం వేరే ఉంది. అదేమిటో అప్పటికి అతనికే తెలియదు.

అతను ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేసే ఉద్యోగి. మూడో అంతస్తులో, చప్పుడు చొరబడని చిన్న గది అతనిది. గాజు అద్దానికి అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి, ఇవతల మీటలు నొక్కుతూ అతను. "వినిపిస్తే చెయ్యెత్తండి." ఈ ఒక్క మాట రోజుకు ముప్ఫైసార్లు అంటాడు. చాలా రోజుల్లో అంతకు మించి నోరు విప్పే పనే పడదు. ఇంటికి పోతే రెండు గదులు, ఒక కంచం, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు కూర్చుంటాయి. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "చూద్దాం, చూద్దాం" అని, చూస్తూ చూస్తూ నలభై ఆరో ఏట పడ్డాడు.

కారు పని చేసింది ఒక మెకానిక్ మేస్త్రి. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా అదే షెడ్డు. మామూలు రోజుల్లో ఊపిరాడనన్ని బళ్ళు. అందుకని ఈ కారును ఆదివారాలకు పెట్టుకున్నాడు. తను డాక్టరు కాదు మొర్రో అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినకుండా అతన్ని "డాక్టరు గారూ" అనే పిలిచేవాడు. అతను స్పానర్లు అందించేవాడు, టార్చి పట్టుకునేవాడు, విప్పిన ముక్కల్ని గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. ఒంటిగంటకు మేస్త్రి భార్య పంపిన క్యారియరు వచ్చేది. మొదటి ఏడు దానికి మూడు గిన్నెలు. రెండో ఏటి నుంచి నాలుగు. నాలుగో గిన్నె ఎవరికని అతనూ అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు. కూర్చుని తినేవాళ్ళు.

మేస్త్రికి ఒక అలవాటుంది. నట్టు బిగించాక చిన్న కుంచెతో పసుపు రంగు అద్ది, నట్టు మీంచి పక్కన రేకు మీదికి సన్నటి గీత గీసేవాడు.

"ఇది నా సంతకం డాక్టరు గారూ. గీత కలిసి ఉంటే నట్టు ఉన్నచోటే ఉన్నట్టు. గీత విడిపోతే నట్టు కదిలినట్టు. నలభై ఏళ్ళలో నేను గీసిన గీత ఒక్కటి కూడా దానంతటది విడిపోలా."

ఆ మాట అనేటప్పుడు మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

మూడేళ్ళయ్యాక ఒక ఆదివారం సీట్లు బిగించడం ముగిసింది. మేస్త్రి చేతులు తుడుచుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అయిపోయింది. ఇక దీనికి వేలు పెట్టాల్సిందేమీ లేదు. ఏడాదికోసారి ఆయిల్ మార్పించుకోండి, చాలు."

సంతోషించాల్సిన మాట. అతనికి మాత్రం గుండెల్లో రాయి పడింది. టాప్ మోడల్ కొని ఉంటే ఒక్క పూటలో తాళాలు చేతికిచ్చి పంపేసేవాళ్ళు. ఈ చిన్నకారు మూడేళ్ళ ఆదివారాలిచ్చింది. తను కొన్నదేమిటో అప్పుడు తెలిసింది పెద్దమనిషికి, అది అయిపోయాక.

రెండు ఆదివారాలు ఓర్చుకున్నాడు. తుడిచిన కారునే మళ్ళీ తుడిచాడు. కుర్చీ మీది బట్టలు మడతపెట్టి, ఆ కుర్చీలో తనే కూర్చుని చూశాడు. మూడో ఆదివారం కారు తీసుకుని షెడ్డుకు వెళ్ళాడు.

"ముందువైపు ఏదో చప్పుడొస్తోంది మేస్త్రీ."

మేస్త్రి కారు నడిపి చూశాడు, చెవులు రిక్కించి విన్నాడు. "నాకేం వినపడలేదే?" అని తిరిగి ఇచ్చేశాడు. పదిహేను నిమిషాల్లో పని ముగిసింది.

చప్పుడు లేకపోయినా చెయ్యెత్తేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడతను. వాళ్ళ మొహం చూడగానే పట్టేస్తాడు, లోలోపల నవ్వుకుంటాడు కూడా. ఇప్పుడు తనూ ఆ వరసలో చేరాడని ఇంటికి పోయే దారిలో గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గుపడ్డవాడు అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. తర్వాతి శనివారం బానెట్ ఎత్తి, ముందుచక్రం షాక్ అబ్జార్బరును బాడీకి పట్టి ఉంచే మూడు నట్లలో ఒకదాన్ని స్పానరుతో చుట్టున్నర వదులు చేశాడు. వీధి చివర గతుకు మీద నడిపి చూస్తే టక్కుమంది. నిజం చప్పుడు.

ఆదివారం మేస్త్రి కూడా ఆ చప్పుడు విన్నాడు. బానెట్ ఎత్తి, వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పసుపు గీత నట్టు మీద ఒకవైపు, రేకు మీద ఒకవైపు ఉంది.

మేస్త్రి స్పానరు అందుకున్నాడు. నట్టు బిగించాడు. మిగతా నట్లన్నీ ఒక్కొక్కటే పట్టి చూశాడు. ఎందుకో కుంచె ముట్టుకోలేదు. క్యారియరు వస్తే, "మీరు కానివ్వండి, నాకు ఆకలిగా లేదు" అన్నాడు. అతను నాలుగో గిన్నె ఖాళీ చేసి ఇంటికి వచ్చాడు. సంతోషంగానే వచ్చాడు, పాపిష్టి మనిషి. ఒక ఆదివారం మిగిలిందని సంబరం.

తర్వాతి వారం స్టీరింగుకు తోలు తొడుగు కావాలన్న సాకుతో వెళ్ళాడు. షెడ్డు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మేస్త్రి నేల మీద కూర్చుని, స్పానర్లు ఒక్కొక్కటే నూనెగుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు.

"ఏంటి మేస్త్రీ ఇదంతా?"

"నా చెయ్యి పట్టు తప్పింది డాక్టరు గారూ. మీ కారు గీత చూశాను కదా. ఈ వారమంతా పాత బళ్ళు పిలిపించి చూశాను. పదకొండు బళ్ళు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పన్నెండోది ఎవరిదో, అందులో ఏ పిల్లలు కూర్చుంటారో! రాత్రిళ్ళు కంటికి కునుకు లేదు. నెలాఖరుకి షెడ్డు ఇచ్చేస్తానని ఓనరుతో చెప్పేశా."

మేస్త్రి రెండు చేతులూ ముందుకు చాచాడు. గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ నలుపు ఉంది.

"మీరు చెవులకి పరీక్ష పెడతారుగా. చేతులకి కూడా ఏమన్నా పరీక్ష ఉంటుందా?"

 నట్టు సంగతి చెప్తే అతనికి ఈ గుమ్మం మళ్ళీ తొక్కడానికి ఉండదు. ప్రపంచంలో తను వస్తాడని ఒక గిన్నె ఎక్కువ సర్దే ఇల్లు ఇదొక్కటే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. షెడ్డు లేకపోతే మేస్త్రికి ఆదివారాలన్నీ ఖాళీయే కదా అన్న నీచమైన ఊహ కూడా ఒక్క క్షణం వచ్చి పోయింది. ఎదురుగా ఆ చేతులు అలాగే చాచి ఉన్నాయి.

 అతను చెయ్యెత్తాడు.

మేస్త్రికి అర్థంకాలేదు. "ఏంటి?"

"నేనే మేస్త్రీ. ఆ నట్టు నేనే విప్పాను. మీ చేతికి ఏమీ కాలేదు."

"మీరా? ఎందుకు?"

"ఇక్కడికి రావడానికి నాకు వేరే పని దొరకలేదు."

మేస్త్రి చాలాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు. తిప్పి చూశాడు, పిడికిళ్ళు బిగించి వదిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కోపం వచ్చింది.

"వారం రోజులయ్యా! వారం రోజులు మంచినీళ్ళ గ్లాసు పట్టుకోవాలన్నా భయపడి చచ్చాను. మా ఆవిడ చూసి ఏడ్చింది. పని లేకపోతే ఊరికే రావచ్చుగా! ఊరికే వస్తే పొమ్మంటానా నేను?"

ఊరికే రావచ్చు. నలభై ఆరేళ్ళలో ఎవరింటికైనా అలా వెళ్ళొచ్చని అతనికి తోచనేలేదు. సాకు లేకుండా ఏ గుమ్మం ముందైనా నిలబడిన గుర్తు కూడా లేదు.

మేస్త్రి లేచి పెట్టెలోంచి కుంచె తీశాడు. కారు దగ్గరికి పోయి, బానెట్ ఎత్తి, నట్టు ఒకసారి పట్టి చూసి, పాత గీత తుడిచేసి కొత్తది గీశాడు. చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. బానెట్ దించాడు.

"ఇక వెళ్ళు" అన్నాడు. మూడేళ్ళలో అతనితో ఏకవచనంలో మాట్లాడడం అదే మొదలు.

"మేస్త్రీ, వచ్చే ఆదివారం ఊరికే..."

"వద్దు."

షెడ్డు నుంచి ఇంటికి దారిలో ఆరు స్పీడు బ్రేకర్లున్నాయి. ప్రతిదాని ముందూ అతను అద్దం దించి, వేగం తగ్గించి, చెవి పెట్టి విన్నాడు. ఒక్కదాని మీద కూడా కారు చప్పుడు చెయ్యలేదు.