దయామణి పగలగొట్టిన పెట్టె

నేను ఒక మామిడి చెక్క పెట్టెను. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. నెత్తిన మడిచిన కాగితం దూరేంత సన్నటి చీలిక, ముందువైపు ఇత్తడి తాళం. తాళం ఇప్పుడు లేదు. మూత కూడా ఒక్క బందు మీద వేలాడుతోంది. ఇలా ఎవరు చేశారని అడుగుతారేమో. అది చెప్పుకోవడానికే నోరు తెరిచాను.

నన్ను చేసినవాడు రేపల్లె కాలవ పక్కన కొట్టు పెట్టుకున్న కనకాచారి. శవపెట్టెలు చేయడంలో చేయి తిరిగినవాడు. చావుబతుకుల్లో ఉన్న ఒక భారీ మనిషి కోసం చెక్క కొని ఉంచితే, ఆ మనిషి ఆర్నెల్లు మంచాన పడి చిక్కి సగమై పోయాడు. చెక్క మిగిలింది. ఆ మిగులు ముక్కే నేను.

నా మొదటి కొలువు ఒక ఆఫీసు వరండాలో. ఒంటి మీద ఎర్ర రంగుతో 'ఫిర్యాదులు' అని రాశారు. మూడేళ్లలో నాలో పడ్డవి రెండు బీడీ ముక్కలు, ఒక బస్సు టికెట్టు. ఒక బల్లి మాత్రం గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుకుంది. జనానికి ఫిర్యాదులు లేక కాదు. నా తాళంచెవి ఎక్కడుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఆ సంగతి జనానికి బాగా తెలుసు. పాత సామాను అమ్మేసిన రోజున సంసోను గారు నన్ను కొని అవతలి లంక ఊరికి తీసుకెళ్లారు. ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మందుల షాపు ఆయనది, చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే. ఎరుపు మీద నీలం పూయించి, 'ప్రార్థన మనవులు' అని రాయించి, చర్చి గుమ్మం పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు.

అక్కడ నా నోటికి తీరిక లేదు. నెలకొక శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగేది. ఆ రోజు కాపరి జీవరత్నం అయ్యగారు నా తాళం తీసి, చీటీలు ఒక్కొక్కటే మైకులో చదివి, అందరినీ మోకరింపజేసి ప్రార్థించేవారు. నడుం నొప్పులు, ఈనలేకపోతున్న గేదెలు, కొడుకుల ఉద్యోగాలు, అల్లుళ్ల తాగుడు. మంచి మనిషి, గొంతు బొంగురు పోయేదాకా అడిగేవారు. కాకపోతే ఒక పట్టింపు ఉండేది. పేరు లేని చీటీకి ప్రార్థన చేయరు. పేరు చెప్పుకోలేని మనిషికి విశ్వాసం ఎక్కడుంటుందని ఆయన వాదన. మనుషుల్లో ఇదొక చిత్రం. దేవుడికి అన్నీ తెలుసంటారు, పేరు మాత్రం రాసివ్వమంటారు.

దయామణి ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు. భర్త ఏసుపాదం రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. మూడు రోజుల ఉజ్జీవ సభల్లో ఆఖరి రోజున, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"పోయినేడు నా దగ్గరి పిల్లోడొకడు రోడ్డు మీదికి పోయి ట్రాక్టరు కింద పడబోయాడు. వాడికేం కాలేదు, అయింది నాకే. అప్పట్నుంచీ పద్దెనిమిది మందినీ లెక్కబెడతానే ఉన్నా. గుండె దడ, చేతులు చల్లబడేవి, కంటికి కునుకు లేదు. గుంటూరులో డాక్టరుగారు మందు రాశారు, రెండు నెలలు వాడా. ఈ సభల్లో ప్రభువు నా భయమంతా తీసేశాడు. ఇంక నాకీ మందు అక్కర్లేదు" అంది.

అందరూ చూస్తుండగా నా దగ్గరికి నడిచొచ్చి బిళ్లల అట్టనీ డాక్టరు చీటీనీ చీలికలోంచి లోపలికి వేసేసింది. జనం హల్లెలూయ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది సంసోను గారు. ఏసుపాదం వెనక వరసలో కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆమె చెయ్యి నాకు ఆనింది, దానికి వణుకు లేదు. మందు రెండు నెలలు పనిచేసింది, పాటలూ ప్రార్థనా మనసుని తేలిక చేశాయి. అందులో దేని పాలు ఎంతో తేల్చడం చెక్కముక్క పని కాదు. బాగుండబట్టే మందు మానేసింది. జబ్బుతో ఉన్నవాళ్లు చేయని పొరపాటు ఇది, కోలుకుంటున్నవాళ్లే చేస్తారు.

అయ్యగారు ఆ అట్టనీ చీటీనీ నాలోనే ఉంచేశారు. పొరుగూరి విశ్వాసులు వస్తే మూత తీసి చూపించేవారు. దయామణిని ఐదు ఊళ్ల ప్రార్థన కూటాలకి తీసుకెళ్లి అదే సాక్ష్యం చెప్పించారు. నెలన్నర గడిచేసరికి ఆమె చెబుతున్న సాక్ష్యం ఆమెది కాకుండా పోయింది.

ఒక శనివారం, చర్చి ఊడ్చే వంతు తనదైనప్పుడు, ఆమె నాలో ఒక చీటీ వేసింది. 'భయం మళ్లీ వచ్చింది. ప్రార్థించండి.' పేరు రాయలేదు. ఎలా రాస్తుంది? ఐదు ఊళ్లకి తెలిసిన పేరు. డాక్టరు చీటీ నా కడుపులో ఉంది, మందుల షాపులో సంసోను గారు ఉన్నారు, ఇంట్లో మురిసిపోతున్న మొగుడున్నాడు. ఎటు తిరిగినా గోడే. శుక్రవారం అయ్యగారు చీటీ విప్పి, పేరు లేదని పక్కన పెట్టారు.

మరుసటి నెల ఇంకొకటి పడింది. 'పిల్లల్ని ఆయాకి అప్పజెప్పి కాలవ గట్టు దాకా పోయి తిరిగొచ్చా. ఎందుకు పోయానో నాకు తెలుసు. ప్రార్థించండి.'

ఈ చీటీ దగ్గర అయ్యగారు ఆగారు. "ఇది ఎవరిదమ్మా? లేచి నిలబడండి" అని అడిగారు. ఎవరూ లేవలేదు. ఆయన చూపు ఒక్కొక్క మొహం మీదుగా నడిచింది. రెండో వరసలో ముసుగు వేసుకుని కూర్చున్న దయామణి మీదికి వచ్చి, ఆగకుండా పక్కకి పోయింది. స్వస్థత పొందిన మనిషి కదా, ఆమెని ఎవరు అనుమానిస్తారు? ఆయన నిట్టూర్చి కాగితం మడిచారు. నాకు ఆ క్షణాన ఆయన మీద కోపం వచ్చింది. చెక్కకి కోపం వస్తే ఏమవుతుంది, ఏమీ కాదు.

తరవాతి శనివారం మిట్టమధ్యాహ్నం ఆమె ఒక్కతే వచ్చింది. చీపురు పక్కన పెట్టి, అందులోంచి రెండు పుల్లలు విరిచి నా చీలికలోకి దూర్చింది. అట్ట అంచు పుల్లకి తగిలేది, పైకి లేచేది, జారిపోయేది. నోరు కాస్త పెద్దది పెట్టని కనకాచారిని తిట్టుకున్నాను. పుల్లలు విరిగి నాలోనే పడిపోయాయి. అప్పుడామె నా ముందే నేల మీద కూలబడి ప్రార్థించింది. అన్నేళ్లలో నేను విన్న ప్రార్థనలన్నిటిలో చిన్నది అదే.

"తండ్రీ, ఆరోజు నిజంగానే పోయింది. నేను నాటకం ఆడలా. మళ్లీ వచ్చింది. నన్ను ఆ కాలవ దగ్గరికి పోనియ్యబాకు."

చాలాసేపు తల నేలకి ఆనించి ఉండిపోయింది. ఆకాశం నుంచి స్వరం ఏమీ రాలేదు. లేచి, తలుపుకి ఆనించి ఉంచిన ఇటుక తీసుకుంది. మొదటి దెబ్బకి తాళం ఊడింది, రెండో దెబ్బకి బందు. నొప్పి పుట్టింది, కాదనను. అయినా ఇంకా గట్టిగా కొట్టమ్మా అనుకున్నాను.

చప్పుడుకి అయ్యగారు పరుగున వచ్చారు. ఆమె చేతిలో అట్టా చీటీ చూసి నిలబడిపోయారు.

"ఏంది దయామణీ ఇది? దేవుడికి ఇచ్చింది తిరిగి తీసుకుంటావా?"

"ఆయన వేసుకోడు గదండీ. నేనే వేసుకోవాలి."

"చింత పడొద్దని వాక్యం చెబుతుంటే నీ విశ్వాసం ఏమైపోయిందమ్మా?"

"సిలువకి ముందు రాత్రి తోటలో ప్రభువే భయపడి చెమటలు కార్చాడు గదా అయ్యగారూ. ఆయన్ని ఎవరన్నా ఆ మాట అడిగారా?" అంది. తరవాత మెల్లగా, "కాలవ చీటీ నాదే" అని చెప్పింది.

ఆయన పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు. "సంఘానికి ఏం చెప్పమంటావు?" అని అడిగారు. ఆ మనిషికి ముందు గుర్తొచ్చింది సంఘమే. మీరు నవ్వుకోవచ్చు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మీరేం చెప్పొద్దు. నేనే చెబుతా" అంది దయామణి.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచింది. పెట్టె పగలగొట్టింది తానేనని, భయం తిరిగొచ్చిందని, సోమవారం గుంటూరు పోతున్నానని, ప్రార్థన మానలేదని, మందు కూడా ఇక మాననని నాలుగు ముక్కల్లో చెప్పింది. ఒక్కరూ హల్లెలూయ అనలేదు. ఏసుపాదం తల దించుకున్నాడు. అయ్యగారు పాట నంబరు చెప్పబోయి పుస్తకంలో పేజీ వెతుక్కుంటూ ఉండిపోయారు. ఆరాధన అయ్యాక ఆమె పక్కన నడవడానికి ఎవరూ రాలేదు. కానీ జనమంతా పోయాక ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, గుమ్మం దగ్గర ఆమెని ఆపి గొంతు తగ్గించి ఒకే మాట అడిగారు. ఆ డాక్టరు పేరేంటి, అని.

నా స్థానంలో ఇప్పుడు స్టీలు పెట్టె ఉంది. తళతళలాడుతుంది, ఇటుకలకి లొంగేలా లేదు. నన్ను వెనక రేకుల షెడ్డులో చినిగిన చాపల పక్కన బోర్లించారు. చెదలు ఒక మూల మొదలుపెట్టాయి. రేపో మాపో సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకి పొయ్యి కిందికి పోతాను.

శనివారాల్లో చీపురు పెట్టడానికి దయామణి ఇక్కడికి వస్తుంది. ఆమెని ఇప్పుడు ఏ కూటానికీ పిలవరు. బాగయిందా అంటే చెప్పలేను. నీళ్ల సీసా మూత తిప్పేటప్పుడు చెయ్యి ఇంకా వణుకుతోంది. ఒక బిళ్ల మింగి, ముసుగు సర్దుకుని, "ఈ పూట గడిపించు తండ్రీ" అంటుంది. అంతకు మించి ఏమీ అడగదు. తరవాత కాసేపు నా మీద కూర్చుంటుంది. ఇన్నేళ్లూ మనుషుల చీటీలే మోశాను. మనిషిని మోయడం ఇప్పుడే.