అధ్యక్షురాలి పాలగ్లాసు

మందుల షాపాయన పుట్టు పిరికివాడు. షాపు మూసి తాళం లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే రకం. రోడ్డు దాటాలంటే పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటాడు. అలాంటివాడి భార్య దేశానికి అధ్యక్షురాలైంది. ఇంకేముంది, ఉన్న భయాలు చాలవన్నట్టు దేశంలోని భయాలన్నీ వచ్చి ఆయన నెత్తినెక్కి కూర్చున్నాయి.

ఆవిడేమీ పదవి కోసం పాకులాడలేదు. రేడియోలో వాతావరణ సమాచారం చదివి రిటైరైన మనిషి. శాసనసభలో ఎన్నిసార్లు ఓట్లు వేసినా ఏ వర్గం అభ్యర్థికీ సరిపడా రాలేదు. సభ్యులు వేసీ వేసీ విసిగిపోయి, ఎవరికీ కోపం తెప్పించని మనిషి కోసం వెతికారు. వాన పడుతుందని చెప్పిన ఆవిడ మీద ఎవరికి కోపం ఉంటుంది? పడని రోజున కూడా జనం నవ్వి ఊరుకున్నారు తప్ప ఒక్క మాట అనలేదు. ఓట్లన్నీ ఆవిడకే పడ్డాయి.

"మొత్తానికి దేశానికే ఇల్లరికం వచ్చావు బావా!" అని బావమరిది పగలబడి నవ్వాడు.

పని చూడబోతే పెద్దగా ఏమీ లేదు. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు చేయి కలపాలి, పతకాలు గుచ్చాలి, ఎవరో రాసిచ్చిన ప్రసంగం చదవాలి, ప్రభుత్వం పంపిన చట్టాల మీద సంతకం పెట్టాలి. వీటన్నిటికంటే ముందు, రోజూ పొద్దున్నే అధ్యక్ష భవనం గేటు దగ్గర జనం చూస్తుండగా జెండా ఎగరెయ్యాలి. అక్కడ పాత నియమం ఒకటుంది. ఆ రోజు జెండా ఎవరెగరేస్తే ఆ రోజుకి అధ్యక్ష సంతకం వాళ్లదే. అధ్యక్షుడు మంచాన పడితే సభాపతి వచ్చి ఎగరేస్తాడు. ఓస్, ఇంతేనా అని మందుల షాపాయన మొదట్లో కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి స్నానాలగదిలో ఆగిపోయింది. ఇంతకుముందున్న అధ్యక్షుడు, అందరూ పెద్దాయన అనేవారు, ఏదో చట్టం మీద సంతకం పెట్టనని మొరాయించాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ గదిలో కాలు జారి పడి చనిపోయాడు. మందుల షాపాయన నీళ్లు ఒంపి, చెప్పులు విప్పి, ఆ నేల మీద కాలు రాసి చూశాడు. గరుకు రాయి. సబ్బు రాసినా జారదు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటినుంచి ఆవిడ నోటికి వెళ్లే ప్రతిదీ ముందు ఆయన నోట్లో పడాల్సిందే. కూర, మజ్జిగ, చివరికి మంచినీళ్లు కూడా. తిన్నాక కాసేపు ఆగి, తన నాడి తానే చూసుకుని, అప్పుడు పళ్లెం ఆవిడ ముందుకు జరిపేవాడు.

"మీరు ఎంగిలి చెయ్యందే నాకు ముద్ద దిగడం లేదండీ. అలవాటైపోయింది," అని ఆవిడ నవ్వేది.

అంతలో ఎన్నికలను నిరవధికంగా వాయిదా వేసే చట్టం ఆవిడ బల్ల మీదికి వచ్చింది. శుక్రవారంతో సభ గడువు తీరిపోతుంది. ఆలోపు సంతకం పడకపోతే ఎన్నికలు జరిపి తీరాలి. ఆవిడ దాన్ని చదివి పక్కన పెట్టేసింది.

ప్రధానమంత్రి స్వయంగా వచ్చాడు. కాఫీ తాగాడు, కుర్చీలు బాగున్నాయన్నాడు.

"పెద్దాయన కూడా ఇలాగే పట్టుపట్టారు అక్కయ్యా. పాపం, కాలు జారింది. మీరు జాగ్రత్తగా ఉండాలి."

"ఇన్నేళ్లూ వానొస్తుందని చెప్పానే తప్ప, దాన్ని ఆపమని నన్నెవరూ అడగలేదు తమ్ముడూ. అది నాకు చేతకాదు కూడా," అంది ఆవిడ.

ప్రధానమంత్రి నవ్వుతూనే లేచాడు. తలుపు పక్కన నిలబడి విన్న మందుల షాపాయన, ఆయన అటు వెళ్లగానే ఆవిడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పెట్టెయ్యవే ఆ సంతకం. నీకు దండం పెడతాను. మన ఇంటికి మనం పోదాం."

"నాకు భయం లేదనుకుంటున్నారా? ఈ చేతులు చూడండి," అని ఆవిడ చేతులు చాపింది. నిజంగానే వణుకుతున్నాయి. "పొద్దున్నే తాడు లాగుతున్నప్పుడు గేటు అవతల అంతమంది కనిపిస్తారే, అప్పుడొక్కటే తగ్గుతుంది. రేపొక్క రోజు గడవనివ్వండి."

ఆ సాయంత్రం భవనం డాక్టరు వరండాలో ఆయన్ను కలిశాడు. "అమ్మగారు బాగా అలిసిపోయారు సార్. రేపు పొద్దున ఆలస్యంగా లేస్తే మీ అందరికీ క్షేమం. నా మాట అర్థమైందనుకుంటాను," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

అర్థమైంది. ఆవిడ లేవకపోతే జెండా సభాపతి ఎగరేస్తాడు, సంతకమూ ఆయనే పెడతాడు. ముప్పై ఏళ్లు మందులమ్మినవాడికి ఎంత మోతాదుకు ఎంత నిద్ర పడుతుందో ఒకరు చెప్పాలా? తన పెట్టెలోని బిళ్లలు తనే తీశాడు, తనే నూరాడు, తనే పాలలో కలిపాడు. పలుకు కూడా మిగలకుండా చెంచాతో తిప్పాడు. ఆవిడ బతికుంటే చాలు, దేశం సంగతి దేశం చూసుకుంటుంది అనుకున్నాడు.

ఆవిడ గ్లాసు అందుకుని ఆగింది. "ఇవాళ ఎంగిలి చెయ్యలేదేం?"

"చేశాను. వంటింట్లోనే తాగి చూశాను."

ఆవిడ గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, పొద్దున్నే లేపమని చెప్పి పడుకుంది.

శుక్రవారం పొద్దున్న గేటు బయట ఎన్నడూ లేనంత జనం. ఆయన కర్టెన్ సందులోంచి చూస్తున్నాడు. సభాపతి కొత్త కోటు వేసుకుని వచ్చి తాడు లాగాడు. జెండా లేచింది.  జనం తలలన్నీ మెల్లగా పై అంతస్తు కిటికీ వైపు తిరిగాయి. ఆయన చటుక్కున కర్టెన్ వదిలేసి మంచం పక్కన కూలబడ్డాడు. ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది. అదొక్కటే మిగిలింది.

ఎండ నడినెత్తికొచ్చాక ఆవిడ కళ్లు తెరిచింది. కిటికీ చూసింది, గడియారం చూసింది, ఖాళీ గ్లాసు చూసింది. చివరికి ఆయన్ను చూసింది. 

"వాళ్ల చేతిదైతే తాగేదాన్ని కాదు," అంది.

తూలుతూనే లేచి తయారై తలుపు తీసింది. బయట కాపలావాడు తల వంచుకుని అడ్డంగా నిలబడ్డాడు. "మీకు విశ్రాంతి కావాలన్నారమ్మా. బయటికి పంపొద్దని ఆర్డరు." మెట్ల దగ్గర ఇంకో ఇద్దరున్నారు. సంతకం అయిపోయింది కదా, ఇక వదిలేస్తారని ఎందుకనుకున్నాడో ఆయనకే తెలియదు.

సాయంత్రం దాకా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. ఆకలికి తట్టుకోలేదని, వేడిగా పాలు తెప్పించి, గ్లాసులో పోసి ఆయనే తెచ్చి ముందు పెట్టాడు. గ్లాసులో పాల మీద మీగడ కడుతోంది.

ఆవిడ గ్లాసు వంక చూసింది. ఒక వేలితో దాన్ని ఆయన వైపు నెట్టింది.

"ముందు మీరు తాగండి. నా ఎదురుగా."