వాగు మధ్యలో మర్యాద

పొలాల మీంచి మంచు ఇంకా లేవకముందే బావా బావమరుదులు కోడిపిల్లల వ్యాన్‌తో బయలుదేరారు. గుడ్లు పొదిగించే షెడ్డు బావది. స్టీరింగ్ మాత్రం ఆ రోజు బావమరిది చేతిలో పడింది. పిల్లలన్నీ ప్రాణాలతో చివరి ఊరు చేరితే రేపటి నుంచి అతనే డ్రైవరు. లేదంటే మళ్ళీ షెడ్డులో ట్రేలు కడగడమే.

"వెనక హీటర్ ఇంజిన్ తిరిగినంతసేపే పనిచేస్తుంది. మరి వాగులో ఏం చెయ్యాలి?" బావ అడిగాడు.

"యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకూడదు బావా. తీస్తే పొగగొట్టంలోకి నీళ్ళొస్తాయి."

"మా అత్తగారు బుద్ధిమంతుణ్ణే కన్నారు!"

దారిలో పల్లెలు ముసుగుతన్ని పడుకున్నాయి. ఒక కుక్క తల ఎత్తి చూసి, మొరగడానికి బద్ధకించి మళ్ళీ ముడుచుకుంది.

వాగు వచ్చింది. ఒకరు కర్రతో గుంతలు చూసుకుంటూ ముందు నడవాలి, వ్యాన్ వెనకాలే రావాలి. అదీ వాళ్ళ పద్ధతి. బావ ప్యాంటు పైకి మడిచి, "అమ్మో, అయ్యో" అంటూ చన్నీళ్ళలోకి దిగాడు. నడి వాగులో చక్రాల కింది నీళ్ళు ఎగిరి అతని వీపును తడపసాగాయి. బావమరిది ప్రాణం గిలగిల్లాడింది. బావ గుమ్మంలో కనిపిస్తే కుర్చీలోంచి లేచి నిలబడే మనిషి అతను. అలవాటుకొద్దీ లేచే ఆ కాలు ఇప్పుడూ యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి నోరు మూసుకుంది.

"ఎందుకాపావురా?"

"మీ మీద నీళ్ళు పడుతున్నాయని బావా."

"నేనుందే నీళ్ళలో కదరా!"

వెనక కిచకిచలు పలచబడసాగాయి. బావమరిది గబగబా వెనక్కి ఎక్కాడు. ఉన్న దుప్పట్లన్నీ పెట్టెల మీద కప్పాడు. అప్పటికే తలలు వాల్చిన పిల్లల్ని ఇద్దరూ స్వెట్టర్లలో దాచుకున్నారు. అంతలో అటుగా వచ్చిన ట్రాక్టరాయన తాడు కట్టి వ్యాన్‌ను ఒడ్డుకు లాగాడు.

"ఏమయ్యా, నీ పొట్ట కిచకిచమంటోంది, పొద్దున్నే ఏం తిన్నావు?" అని బావను అడిగి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

గొట్టంలో నీళ్ళు కారిపోయాక ఇంజిన్ మళ్ళీ అందుకుంది. కానీ ముందు ఇంకో వాగు ఉంది.

"నేను దిగలేనురా. లోపల నిద్రపోతున్నాయి," గుసగుసగా అన్నాడు బావ, బాలింతలా స్వెట్టరు పట్టుకుని.

బావమరిది తన స్వెట్టర్లోని పిల్లల్ని కూడా బావ ఒళ్ళో పోసి, తానే కర్రతో వాగంతా నడిచి చూసి వచ్చాడు. పళ్ళు టకటకలాడుతుండగా వ్యాన్ నీళ్ళలోకి దించాడు. అవతలి ఒడ్డున సైకిలు పట్టుకుని, తెల్లటి బట్టల్లో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"బావా, పెద్దమనిషి..."

"తొక్కరా!"

"క్షమించండి తాతగారూ!" కిటికీలోంచి అరిచాడు కానీ కాలు మాత్రం తియ్యలేదు. నీళ్ళు గోడలా లేచి తాతగారి మీద పడ్డాయి.

చివరి ఊళ్ళో వ్యాన్ తలుపు తీసేసరికి కిచకిచలకు ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఒక్క పిల్ల కూడా పోలేదు. బావ స్వెట్టరు దులుపుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

"రేపటి నుంచి నువ్వే నడుపు," అన్నాడు. "ఇప్పుడు పెట్టెలు ఖాళీయే కదా. ఆ తాతగారు కనిపిస్తే మాత్రం ఆపు. కాళ్ళ మీద పడదాం, ఇద్దరం."